బొమ్మ ఫోను పంపుతోందా, టీవీ తెచ్చుకుంటోందా?

ఈ నెల అందిన ఉత్తరాలలో ఆరు ఒకే విషయం మీద వచ్చాయి. అన్నీ ఒడిశా సరిహద్దులోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల తెలుగు పాఠకులు రాసినవే. ఫోనులో ఉన్నదాన్ని టీవీ మీద చూడటం ఎలా అన్నదే అందరి సందేహం అయినప్పటికీ, ఒక్కొక్కరి ఇంటి పరిస్థితి ఒక్కొక్క రకంగా ఉన్నందున ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మా ఇల్లు పర్లాకిమిడిలో మహేంద్రతనయ ఒడ్డుకు దగ్గరగా ఉంటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు మా అబ్బాయి 43 అంగుళాల స్మార్ట్ టీవీ కొనిపెట్టి వెళ్లాడు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు. నా ఫోనుకు రోజుకు ఒకటిన్నర జీబీ డేటా వస్తుంది. మనవరాలి పెళ్లి వీడియోలు ఫోనులో ఉన్నాయి. పక్కింటి కుర్రవాడు ఒకరోజు ఫోనును టీవీకి కలిపి చూపించాడు గానీ, మరునాడు నేను ప్రయత్నిస్తే టీవీ పేరే ఫోనులో కనిపించలేదు. పోనీ అని ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి టీవీలో హరికథ చూడబోతే, గంట తిరగకముందే డేటా అయిపోయిందని సందేశం వచ్చింది. పొరపాటు ఎక్కడ జరిగింది? (విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి)

జవాబు: మాస్టారూ, మీరు పొరపాటేమీ చేయలేదు. రెండు వేర్వేరు పద్ధతులను ఒకటే అనుకున్నారు, అంతే. ఫోనునూ టీవీనీ కలిపే దారులు ఎన్ని ఉన్నా, ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: బొమ్మను ఫోను పంపుతోందా, లేక టీవీ తనంతట తాను తెచ్చుకుంటోందా? పక్కింటి కుర్రవాడు చేసినది మొదటిది అయి ఉంటుంది. హరికథ విషయంలో జరిగినది రెండవది.

మొదటి పద్ధతిని స్క్రీన్ మిర్రరింగ్ అంటారు. ఫోను తెర మీద ఏది కనిపిస్తే అదే, అద్దంలో చూసినట్టుగా, టీవీ మీద కనిపిస్తుంది. దీనికి ఎక్కువగా వాడుకలో ఉన్న మిరాకాస్ట్ అనే ప్రమాణాన్ని వై-ఫై అలయెన్స్ 2012లో ప్రవేశపెట్టింది. ఇందులో ఫోనూ టీవీ మధ్యన రౌటరు గానీ ఇంటర్నెట్ గానీ అవసరం లేకుండా నేరుగా ఒకదానితో ఒకటి కలుస్తాయి. అందువల్ల ఫోనులో ఇప్పటికే ఉన్న పెళ్లి వీడియోను ఇలా చూస్తే మీ డేటాలో ఒక్క ఎంబీ కూడా ఖర్చు కాదు. శామ్‌సంగ్ ఫోన్లలో దీని పేరు స్మార్ట్ వ్యూ. మరికొన్ని కంపెనీలు కాస్ట్ అనీ, స్క్రీన్‌కాస్ట్ అనీ, వైర్‌లెస్ డిస్‌ప్లే అనీ పిలుస్తాయి. ఒకే పనికి ఇన్ని పేర్లు పెట్టడం వల్లనే పెద్దవారికి సగం ఇబ్బంది వస్తోందని నా అభిప్రాయం.

మరునాడు టీవీ పేరు కనిపించకపోవడానికి సాధారణంగా రెండు కారణాలు ఉంటాయి. చాలా టీవీలలో స్క్రీన్ మిర్రరింగ్ లేదా స్క్రీన్ షేర్ అనే భాగాన్ని రిమోటుతో ముందుగా తెరచి ఉంచితే గానీ ఆ టీవీ ఫోనుకు కనిపించదు. ఆ కుర్రవాడు మీరు గమనించనంత వేగంగా ఆ పని చేసి ఉంటాడు. రెండవది, ఫోనులో వై-ఫై మీట వేసి ఉండాలి. ఏ నెట్‌వర్కుకూ కలవకపోయినా ఫరవాలేదు గానీ, మీట మాత్రం వేసే ఉండాలి. హాట్‌స్పాట్ పెట్టగానే చాలా ఫోన్లు వై-ఫైని ఆపివేస్తాయి కనుక, మిర్రరింగ్ చేయబోయే ముందు హాట్‌స్పాట్ తీసివేయండి. మీది గూగుల్ టీవీ లేదా ఆండ్రాయిడ్ టీవీ అయితే మాత్రం అందులో మిరాకాస్ట్ లేకపోయే అవకాశం ఉంది. అప్పుడు ఫోనూ టీవీ రెండూ ఒకే వై-ఫైలో ఉంటేనే మిర్రరింగ్ అయినా పనిచేస్తుంది.

ఇక రెండవ పద్ధతి కాస్టింగ్. గూగుల్ సంస్థ 2013లో క్రోమ్‌కాస్ట్ అనే చిన్న పరికరంతో దీన్ని జనంలోకి తెచ్చింది. ఇప్పుడు చాలా స్మార్ట్ టీవీలలో ఆ సౌకర్యం లోపలే ఉంటోంది. యూట్యూబులో వీడియో మీద, మూలన మూడు వంపు గీతలు ఉన్న చిన్న పెట్టె బొమ్మ కనిపిస్తుందే, అదే దాని గుర్తు. దాన్ని నొక్కినప్పుడు ఫోను బొమ్మను పంపదు. ఫలానా వీడియో ఫలానా చోట ఉంది, నువ్వే తెచ్చుకో అని టీవీకి చిరునామా మాత్రం చెబుతుంది. ఆ తరువాత ఫోనును జేబులో పెట్టుకున్నా, ఎవరితోనైనా మాట్లాడుతున్నా హరికథ ఆగదు. బడిలో పుస్తకం తెరచి మీరే చదివి వినిపించడానికీ, పేజీ సంఖ్య చెప్పి పిల్లవాడినే చదువుకోమనడానికీ ఉన్న తేడా ఇది.

మీ డేటా ఎందుకు అంత త్వరగా అయిపోయిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మీరు హాట్‌స్పాట్ ఇచ్చినప్పుడు టీవీ తన తెర వెడల్పుకు తగినంత నాణ్యమైన వీడియోను తెచ్చుకుంది. ఫోను అయితే తన చిన్న తెరకు సరిపోయినదాన్నే తెచ్చుకుంటుంది. నెట్‌ఫ్లిక్స్ సంస్థ స్వయంగా చెప్పే లెక్క ప్రకారం సాధారణ నాణ్యతలో గంటకు 1 జీబీ వరకు, హెచ్‌డీలో 3 జీబీ వరకు, 4కేలో 7 జీబీ వరకు డేటా ఖర్చవుతుంది. యూట్యూబు లెక్క కాస్త వేరుగా ఉన్నా, నాణ్యత పెరిగేకొద్దీ ఖర్చు పెరగడం మాత్రం అక్కడా అంతే. హరికథలో భాగవతార్ ముఖం మీద చెమట చుక్కలు కూడా కనిపించనక్కరలేదు కనుక, టీవీలోని యూట్యూబులో వీడియో నడుస్తుండగా సెట్టింగ్స్ గుర్తు నొక్కి నాణ్యతను 480పీకి తగ్గించండి. లేదా ఫోనులోనే తక్కువ నాణ్యత పెట్టుకుని మిర్రరింగ్ ద్వారా చూడండి.

హాట్‌స్పాట్ గురించి ఇంకొక మాట. చవక టీవీలలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మాత్రమే తెలుసు. కొత్త ఫోన్లు హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌లో ఇస్తే ఆ పేరు టీవీకి అసలు కనిపించదు. ఫోనులో హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాండ్ అన్నచోట 2.4 ఎంచుకోండి. హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోను నుంచే కాస్ట్ చేయబోతే కొన్ని ఫోన్లలో టీవీ గుర్తు రాదు. అప్పుడు ఇంట్లో ఇంకొకరి ఫోనుతో హాట్‌స్పాట్ ఇచ్చి, టీవీనీ మీ ఫోనునూ రెండింటినీ దానికే కలపాలి. ఏటి ఒడ్డు ఇళ్లలో ఫోను కాసేపు ఒడిశా టవరునూ కాసేపు ఆంధ్రా టవరునూ పట్టుకుంటూ ఉంటుంది. అలా మారినప్పుడల్లా వీడియో గిర్రున తిరుగుతూ ఆగిపోతుంటే, ఆ తప్పు టీవీది కాదు. హాట్‌స్పాట్ ఇచ్చే ఫోనును సిగ్నలు నిలకడగా ఉండే కిటికీ దగ్గర పెట్టి చూడండి.

ఇంత చెప్పిన తరువాత, పెళ్లి వీడియోల విషయంలో నా సలహా వేరే ఉంది. వాటికి ఈ తీగలేని పద్ధతులేవీ వద్దు. ఫోనుకూ టీవీకీ రెండింటికీ పెట్టుకోగల ఓటీజీ పెన్‌డ్రైవ్ ఒకటి కొని, వీడియోలు అందులోకి ఎక్కించి టీవీ వెనుక ఉన్న యూఎస్‌బీ రంధ్రంలో పెట్టండి. బొమ్మ ఆగదు, డేటా ఖర్చు కాదు, అబ్బాయి లేనప్పుడు కూడా అమ్మగారు తానే పెట్టుకుని చూడగలరు. పెన్‌డ్రైవ్ ఫైళ్లను దాచుకునే పద్ధతి ఫ్యాట్32 అనేదైతే 4 జీబీ కంటే పెద్ద ఫైలు ఒక్కటి కూడా అందులో పట్టదు. అటువంటి ఫైలు ఉంటే పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలోకి మార్చుకోవాలి. కొన్ని పాత టీవీలు దాన్ని చదవలేవు కనుక ముందు ఒక చిన్న వీడియోతో పరీక్షించండి. మాట వినిపిస్తూ బొమ్మ రాకపోతే ఆ వీడియో హెచ్‌ఈవీసీ అనే కొత్త పద్ధతిలో తీసినదై ఉండవచ్చు. బొమ్మ కనిపిస్తూ మాట రాకపోతే ఆ శబ్దపు పద్ధతిని మీ టీవీ చదవలేకపోతున్నదని అర్థం.

వీడియోలు మీకు వాట్సాప్‌లో వచ్చినవైతే అవి దారిలోనే కుంచించుకుపోయి ఉంటాయి. ఫోనులో చక్కగా కనిపించిన తాళిబొట్టు 43 అంగుళాల మీద మసక మసకగా కనిపించడానికి కారణం అదే. పంపినవారిని వీడియోగా కాక డాక్యుమెంటుగా పంపమనండి. 2022 నుంచి వాట్సాప్‌లో 2 జీబీ వరకు ఫైలును అలా పంపవచ్చు, నాణ్యత తగ్గదు. నెట్ బాగా ఉన్న చోట నుంచి దింపుకోండి.

ప్రశ్న: బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి తన పాత ఐఫోను నాకు ఇచ్చాడు. మా ఆయన ఆండ్రాయిడ్ ఫోను మా టీవీకి వెంటనే కలుస్తోంది గానీ, ఎక్కువ ధర పెట్టిన నా ఫోను మాత్రం కలవడం లేదు. ఇదేమి వింత? (గృహిణి, బరంపురం)

జవాబు: వింత ఏమీ లేదమ్మా, అది ఆపిల్ సంస్థ పట్టుదల. ఐఫోనులో మిరాకాస్ట్ లేదు. ఆపిల్‌కు ఎయిర్‌ప్లే అనే సొంత పద్ధతి 2010 నుంచీ ఉంది. టీవీకి కూడా ఎయిర్‌ప్లే తెలిస్తేనే ఐఫోను తెర మొత్తం అందులో కనిపిస్తుంది. 2019 నుంచి శామ్‌సంగ్, ఎల్‌జీ, సోనీ వంటి కంపెనీలు తమ టీవీలలో కొన్నింటికి ఈ సౌకర్యాన్ని ఇస్తున్నాయి. మీ టీవీ సెట్టింగ్స్‌లో ఆ పేరు ఉందేమో వెతకండి. లేకపోయినా దిగులు పడవద్దు. యూట్యూబు, గూగుల్ ఫొటోస్ వంటి యాప్‌లలోని కాస్ట్ గుర్తు ఐఫోనులో కూడా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఫోను చిరునామా చెబితే చాలు.

ఆ గుర్తు కూడా కనిపించడం లేదంటే ఒక అనుమతి ఆగిపోయి ఉంటుంది. ఐఫోనును నడిపే సాఫ్ట్‌వేర్‌లో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఇంటి వై-ఫైలోని ఇతర పరికరాలను చూడబోయే ప్రతి యాప్ ముందుగా మీ అనుమతి అడుగుతుంది. తెలియని ప్రశ్న కదా అని ఎవరైనా వద్దు అని నొక్కి ఉంటే ఇక ఆ యాప్‌కు టీవీ కనిపించదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, ఆ తరువాత లోకల్ నెట్‌వర్క్ తెరిచి, యూట్యూబు పక్కనున్న మీటను వేయండి. మీది ఐఫోన్ 12 గానీ ఆ తరువాత వచ్చినది గానీ అయితే, దాని హాట్‌స్పాట్‌ను టీవీ పట్టుకోవడానికి పర్సనల్ హాట్‌స్పాట్ పేజీలోని మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అనే మీట కూడా వేయవలసి రావచ్చు. పై ఉత్తరానికి ఇచ్చిన జవాబులో చెప్పిన 2.4 గిగాహెర్ట్జ్ సంగతే ఇక్కడ ఆ పేరుతో ఉంది. ఐఫోనుతో తీసిన వీడియోలు పెన్‌డ్రైవ్ ద్వారా టీవీలో కనిపించకపోతే కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్ తెరిచి మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకోండి. ఇకపై తీసేవి సరిగా వస్తాయి, పాతవి మారవు.

ప్రశ్న: దుకాణదారు మాట నమ్మి టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐకి కలిపే తీగ కొన్నాను. ఒక కొస ఫోనుకూ మరొక కొస టీవీకీ పెట్టినా బొమ్మ రావడం లేదు. ఫోను చార్జింగ్ తీగనే టీవీ యూఎస్‌బీలో పెడితే చార్జింగ్ మాత్రం ఎక్కుతోంది. తీగ చెడిపోయిందా, ఫోను చెడిపోయిందా? (కిరాణా వ్యాపారి, రాయగడ)

జవాబు: రెండూ బాగానే ఉన్నాయి, అదే దురదృష్టం. టైప్-సీ అన్నది రంధ్రం ఆకారానికి పెట్టిన పేరే తప్ప, ఆ రంధ్రం నుంచి ఏమేమి బయటకు వస్తాయో చెప్పే పేరు కాదు. తీగ ద్వారా బొమ్మ రావాలంటే ఫోను ఆ రంధ్రం గుండా డిస్‌ప్లేపోర్ట్ అనే బొమ్మ సంకేతాన్ని పంపగలగాలి. టైప్-సీ ద్వారా అలా పంపే పద్ధతిని 2014లోనే ప్రకటించినా, మనం ఎక్కువగా కొనే మధ్యస్థాయి ఫోన్లలో లోపల యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి కనుక వాటి నుంచి చార్జింగూ ఫైళ్లూ తప్ప బొమ్మ బయటకు రాదు. శామ్‌సంగ్ ఎస్8 వంటి ఖరీదైన ఫోన్లలోనూ, 2023లో వచ్చిన ఐఫోన్ 15లోనూ ఆ సౌకర్యం ఉంది. మీ ఫోను వివరాల పట్టికలో డిస్‌ప్లేపోర్ట్ అన్న మాట లేకపోతే ఎంత ఖరీదైన తీగ పెట్టినా ఫలితం ఉండదు. అంతకు ముందు మైక్రో యూఎస్‌బీ కాలంలో తీగ ద్వారా బొమ్మ పంపడానికి ఎంహెచ్‌ఎల్ అనే పద్ధతి ఉండేది. దాన్ని నమ్మి నేను విశాఖపట్నంలో కొన్న తీగ ఇప్పటికీ మా బీరువా సొరుగులో మెరుస్తూ పడి ఉంది, ఒక్కసారైనా బొమ్మ చూపించిన పాపాన పోలేదు. కాబట్టి మీ బాధ నాకు బాగా తెలుసు.

చార్జింగ్ తీగ మాట. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లు కంప్యూటరుతో ఎంటీపీ అనే పద్ధతిలో మాట్లాడతాయి. టీవీలు పెన్‌డ్రైవ్‌ను చదివినట్టుగా ఫోనును చదవాలంటే ఆ భాష వాటికి తెలిసి ఉండాలి, చాలావాటికి తెలియదు. కొన్ని టీవీలు ఫొటోలు మాత్రం చూపుతాయి. ఫోనులో యూఎస్‌బీ ఎంపికలు తెరిచి ఫైల్ ట్రాన్స్‌ఫర్, ఆ తరువాత ఫొటో ట్రాన్స్‌ఫర్ నొక్కి చూడండి, రాకపోతే ఆశ వదులుకోండి. బ్లూటూత్‌తో ప్రయత్నించమని ఎవరైనా చెబితే వినకండి. దానితో పాట మాత్రమే టీవీ స్పీకరుకు చేరుతుంది, వీడియో మోయగల బలం దానికి లేదు.

ప్రశ్న: మా ఇంట్లో ఇరవై ఏళ్ల నాటి డబ్బా టీవీ ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. దానికి ఫోను కలపవచ్చునా? (రైతు, గుణుపురం)

జవాబు: కలపవచ్చు గానీ, కలపమని నేను చెప్పలేను. మీ టీవీ వెనుక ఏవీ అనే పసుపు, తెలుపు, ఎరుపు రంగుల రంధ్రాలు ఉంటాయి. క్రోమ్‌కాస్ట్ వంటి పరికరాన్ని హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే చిన్న పెట్టెకు తగిలించి, ఆ పెట్టె నుంచి మూడు రంగుల తీగలు టీవీకి పెట్టాలి. ఈ పెట్టెలు రెండు దిక్కులవి దొరుకుతాయి, చూడటానికి కవలలలాగా ఉంటాయి. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది మీకు పనికిరాదు కనుక పైన రాసినది చదివి కొనండి. దానికి 5 వోల్టుల కరెంటు కూడా ఇవ్వాలి, పక్కన చిన్న మీట ఉంటే పాల్ (మన దేశపు పాత టీవీల బొమ్మ పద్ధతి) వైపు పెట్టాలి. ఇంత చేసినా మన పాల్ పద్ధతిలో బొమ్మకు దొరికేవి 576 గీతలు మాత్రమే. అందులోనూ వెడల్పు బొమ్మ చదరానికి దగ్గరగా ఉన్న తెర మీద ఇరుక్కుని, పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి. వీడియో చూడగలరు, అక్షరాలు చదవలేరు. ఆ పరికరానికీ పెట్టెకూ పెట్టే డబ్బును కొత్త టీవీ కోసం దాచుకోవడం మేలని నా ఉద్దేశం.

ప్రశ్న: ఫోను తెరను టీవీ మీద పెట్టి సినిమా చూడబోతే మాట వినిపిస్తోంది, తెర మాత్రం నల్లగా ఉంటోంది. యూట్యూబు అయితే బాగానే వస్తోంది. (కళాశాల విద్యార్థి, బరంపురం)

జవాబు: సినిమాలు చూపే యాప్‌లు దొంగ నకళ్లు తీయకుండా ఉండటానికి తమ బొమ్మను మిర్రరింగ్‌లోకి రానివ్వవు. మీ ఫోనులో లోపం లేదు. ఆ యాప్‌లోనే కాస్ట్ గుర్తు ఉంటే దానితో పంపండి, లేదా టీవీలోనే ఆ యాప్ వేసుకోండి. అయితే మీరు కట్టిన చందా ఏ రకమో ముందు చూసుకోవాలి. 2019లో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో మొదలుపెట్టిన మొబైల్ ప్లాన్ వంటివి ఫోనుకూ ట్యాబ్లెట్‌కూ పరిమితం. టీవీ మీద వాటితో చూడటానికి వీలులేదు.

ప్రశ్న: మా టీవీ రిమోటుతో తెలుగులో వెతకడం మా అత్తగారికి చేతకావడం లేదు. ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం నొక్కడానికే అరగంట పడుతోంది. అంతేకాక, నేను ఫోను కలిపి చూపిస్తున్నప్పుడు నాకు వచ్చిన సందేశాలు చుట్టాలందరి ముందూ టీవీ మీద పడుతున్నాయి. (అంగన్‌వాడీ కార్యకర్త, కాశీనగరం)

జవాబు: రెండు ఇబ్బందులకూ మందు ఒకటే: మిర్రరింగ్ మానివేసి యూట్యూబును కాస్ట్ చేయండి. అప్పుడు ఫోనులో తెలుగు కీబోర్డుతో గానీ, మైకు గుర్తు నొక్కి నోటితో గానీ వెతికి, దొరికినదాన్ని టీవీకి పంపవచ్చు. ఫోను తెర టీవీకి వెళ్లదు కనుక మీ సందేశాలు మీకే ఉంటాయి. ఫోనూ టీవీ ఒకే వై-ఫైలో లేకపోయినా ఇబ్బంది లేదు. టీవీలోని యూట్యూబు సెట్టింగ్స్‌లో లింక్ విత్ టీవీ కోడ్ నొక్కితే 12 అంకెల సంఖ్య వస్తుంది. దాన్ని మీ ఫోను యూట్యూబు సెట్టింగ్స్‌లో వాచ్ ఆన్ టీవీ అన్నచోట ఎక్కిస్తే రెండూ జతపడతాయి. టీవీకి మాత్రం ఏదో ఒక దారిన నెట్ ఉండాలి. ఫొటోల కోసం మిర్రరింగ్ తప్పనప్పుడు, మొదలుపెట్టే ముందు ఫోనులో డు నాట్ డిస్టర్బ్ పెట్టండి. బ్యాంకు పంపే ఓటీపీలు కూడా సందేశాలే అన్న సంగతి మరిచిపోకండి. జత ఒకసారి కుదిరిన తరువాత అలాగే నిలుస్తుంది కనుక, మీ పిల్లలు పక్క గదిలో కూర్చుని అత్తగారి సీరియల్ మధ్యలో క్రికెట్ పెట్టగలరు. అలా జరిగితే టీవీ యూట్యూబు సెట్టింగ్స్‌లోనే లింక్ అయిన పరికరాలను తొలగించి, కొత్త సంఖ్యతో అత్తగారి ఫోనును ఒక్కదాన్నే జతచేయండి.